ఖాళీగా ఉన్న మనిషి

అక్క తెల్లబూట్లు నేనే తోముతాను. అక్కంటే మా తోటికోడలు, పెద్దాసుపత్రిలో నర్సు. తోమమని ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి బూట్లతోనే సోఫాలో నిద్రపోతే అత్తయ్య విప్పి పక్కన పెట్టింది. "పాపం, ఎంత అలిసిపోయిందో పిచ్చిది!" అంది. ఆ "పాపం" అనే మాట కోసం నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. నేను ఓ పూట నడుం వాల్చితే మాత్రం "ఏం చేశావని?" అంటుంది. అక్క అలసటకి గుర్తింపు కార్డుంది, మెడలో వేలాడుతూ. నాది ఉత్త బద్ధకం.

ఎవరూ లేనప్పుడు ఆ బూట్లు వేసుకు చూశాను. వేళ్ళు ఇరుక్కున్నాయి. ఆవిడకన్నా నాకు పెద్దవి ఉన్నాయంటే పాదాలే, ఆ తర్వాత ఏడుపు.

నేనూ నర్సింగులో చేరినదాన్నే. చదువు సగంలో ఉండగా పాప కడుపులో పడింది. "కాన్పయ్యాక వెళుదువులే" అన్నారు. తర్వాత "పాలు మాననీ", ఆ తర్వాత "నడవనీ". ఇప్పుడు పాప పరిగెడుతోంది. నేనే ఉన్నచోట ఉండిపోయాను. పాప ఒళ్ళు కాస్త వెచ్చబడితే థర్మామీటరు పెడతాను, నమ్మకం కుదరక మళ్ళీ పెడతాను, మూడోసారి అక్క కొడుక్కి పెట్టి థర్మామీటరు పనిచేస్తోందో లేదో చూస్తాను. బావగారు నవ్వుతారు. "సగం నర్సు, రెండింతలు కంగారు!" మా ఆయనా నవ్వుతాడు. అన్నగారి జోకు కదా మరి.

ఆదివారం భోజనాలయ్యాక బల్లమీద ఫోను పెట్టుకుని అందరూ దాని చుట్టూ చేరారు. అక్కకి వేరే ప్రాంతంలో ఉద్యోగం చూస్తున్నారు. నేను గిన్నెలు తీస్తూ వింటున్నాను. అక్కడ జీతం ఇక్కడికి ఒకటిన్నర రెట్లు. నైట్ డ్యూటీకి విడిగా ఇస్తారు. ఇక్కడైతే పైన ఎవరో రిటైరైతే తప్ప ఇన్‌ఛార్జ్ సీటు రాదు, అక్కడ అనుభవం చూసి త్వరగానే ఇస్తారట.

"ఖాళీలు బోలెడున్నాయి!" అన్నారు బావగారు, ఆ ఖాళీలన్నీ ఆయనే చేయించినట్టు.

"అద్దెలు?" అంది అక్క.

"అద్దె ఎక్కువే అనుకో. తమ్ముడు ఎలక్ట్రీషియన్, వాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది. అందరం ఒకే ఇంట్లో ఉంటే సర్దుకోవచ్చు. పిల్లల్ని చూసే సెంటర్ల ఫీజులే మండిపోతున్నాయి. అది కలిపితే పెరిగిన జీతం కాస్తా అక్కడికే పోతుంది."

నిజం చెప్పొద్దూ, నా లోపల ఏదో చల్లబడింది. కుదరకూడదనే అనుకున్నాను. ఆవిడకి ఇంకో మెట్టెందుకు? ఇప్పటికే తలెత్తి చూడలేక మెడ నొప్పెడుతోంటే.

అప్పుడు అత్తయ్య, "సెంటరెందుకురా? నాకు మోకాళ్ళు గానీ, ఇది ఉంది కదా. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది," అంది.

అందరి ముఖాలూ వెలిగాయి. బావగారు ఫోనులో ఏదో కొట్టేసి, "ఇంకేం, లెక్క కుదిరింది!" అన్నారు. మా ఆయన నావైపు చూసి, "నీకేం, ఎక్కడైనా ఒకటే కదా," అన్నాడు.

చేతిలో ఎంగిలి గిన్నెలతో నిలబడ్డాను. ఆసుపత్రిలో ఖాళీ అంటే పిలిచి కుర్చీ వేస్తారు. ఇంట్లో ఖాళీ అంటే నేను.

అక్క ఒక్కతే నవ్వలేదు. "దానికేం, అదృష్టవంతురాలు. మొన్న జ్వరంలో మావాడు పిన్నీ పిన్నీ అని కలవరించాడు. పక్కన పడుకున్నది నేను," అంది. ఆ గొంతులోని మంట నాకు బాగా తెలుసు. రోజూ నా గొంతులో ఉండేదే. ఇన్నాళ్ళూ నేను ఆవిడ బూట్లు చూసి కుళ్ళుకుంటుంటే, ఆవిడ నా ఒడి చూసి కుళ్ళుకుంటోందన్నమాట. జాలి పడాల్సిందేమో. ముందు మాత్రం హాయిగా అనిపించింది.

బావగారు ఇంకా ఫోను జరుపుతున్నారు. "ఇది చూడండర్రా! నర్సింగు చదువు మధ్యలో ఆపినవాళ్ళు కూడా రావచ్చట. వార్డులో సహాయకులుగా పని చేస్తూ చదువు పూర్తి చేసుకోవచ్చట. సగం నర్సులకి కూడా ఖాళీలే!"

అందరూ నవ్వారు. ఆయన బొటనవేలు ఆ ప్రకటనని పైకి తోసేసింది.

నేను గిన్నెలు బల్లమీదే పెట్టేశాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను తీసుకున్నాను. ఈ ఇంట్లో బావగారి చేతిలోంచి నేను ఏదీ తీసుకుని ఎరగను. ఆ ప్రకటనని మళ్ళీ కిందికి లాగి, ఫోను అక్క ముందు పెట్టాను.

"అక్కా, నీ దరఖాస్తుతో పాటు నాదీ నింపు."

అక్క నన్ను చూసింది, ఫోను చూసింది. "పూర్తి పేరు చెప్పు," అంది. ఈ ఇంట్లో నా పేరు ఎవరైనా అడిగి చాలాకాలమైంది.

అత్తయ్య మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. "బాగానే ఉంది సంబరం! మరి పిల్లల్నెవరు చూస్తారే?"

పాప లోపల నిద్రలో కదిలినట్టుంది, అటు కూడా ఓ చెవి వేసే ఉంచాను.

"అదొక ఖాళీ అత్తయ్యా. మనిషిని వెతకండి," అన్నాను.