పచ్చిదీ మాగిందీ

మునిప్రసాద్‌కు వాసన పోయి రెండేళ్లు దాటింది. ముక్కు ఉన్నచోటే ఉంది, కళ్లద్దాలు మోస్తూనే ఉంది, జలుబు చేస్తే కారుతూనే ఉంది. వాసన మాత్రం ఒక జ్వరంతో పాటు పోయింది. జ్వరం తగ్గినా అది తిరిగి రాలేదు. చిత్తూరు బెల్లం మండీలో ఈ సంగతి ఒక్కరికీ తెలీదు. ఇంట్లో భార్య శకుంతలమ్మకు కూడా తెలీదనే ఆయన నమ్మకం.

ఇంకొకరికైతే ఇదేం పెద్ద కష్టం కాదు. మండీలో బెల్లం నాణ్యం తేల్చే మునిప్రసాద్ బతుకంతా ఆ ముక్కు మీదే నడిచింది మరి. బెల్లం అచ్చును గోటితో గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత నాలిక మీద వేసుకుని 'పాకం మాడింది', 'ఇది చౌడు నేల చెరకు', 'దీంట్లో రంగు తెచ్చే మందు ఎక్కువ పడింది' అని తేల్చేసేవాడు. రైతులు ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు కాదు. సొంత బామ్మర్ది తెచ్చిన బెల్లాన్నే పదిమందిలో 'గొడ్లకు పెట్టుకో పో' అన్న మనిషి ఆయన. తెలిసీ తెలియకుండా రుచుల గురించి మాట్లాడేవాళ్లను చూస్తే 'గాడిదకేం తెలుసు గంధపు వాసన' అని నవ్వేవాడు. ఇప్పుడు ఆ సామెత నోటిదాకా వచ్చినప్పుడల్లా మింగేస్తున్నాడు.

రెండేళ్లూ ఎట్లా నెట్టుకొచ్చాడంటే, రంగు కన్ను చెప్పేది, గట్టిదనం వేలు చెప్పేది, తీపీ ఉప్పూ చేదూ నాలిక చెప్పేది. మిగిలినదానికి ఆయనొక ఉపాయం పట్టాడు. అందరికంటే ముందు తనే మాట్లాడెయ్యడం. పెద్దమనిషి 'బ్రహ్మాండం' అనేశాక, పక్కవాడు 'మాడు వాసన వస్తోందే' అని నోరు తెరవడు. తెరవబోయినా, తన ముక్కునే అనుమానించుకుని మూసుకుంటాడు.

ఈ బండి ఇట్లాగే సాగిపోయేదేమో. కూతురు రూపశ్రీ టీ అంగడి పెడతానని రాకపోతే.

రూపశ్రీకి సూళ్లూరుపేట పక్కన ఫోన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. అక్కడ ఆమె పైనున్న చైనా మేడమ్ సొంత దేశానికి వెళ్లిపోతూ రెండు టీ బిళ్లలు చేతిలో పెట్టి వెళ్లింది. అరచేయంత వెడల్పు, కాగితం చుట్టి ఉన్నాయి. వాటిని పుయర్ అంటారట. యునాన్ అనే కొండసీమలో పండే ఆకు. ఆవిరి పట్టి, బిళ్లగా నొక్కి, ఏళ్లకేళ్లు దాచుకుంటారు. దాంట్లో రెండు రకాలు. పచ్చిదాన్ని అట్లే పెట్టి, దానంతట అది ముదిరేదాకా కాచుకుంటారు. రెండోదాన్ని రాశి పోసి, నీళ్లు చల్లి, పైన కప్పెట్టి మాగబెడతారు. మామిడికాయల్ని గడ్డిలో మాగేసే జిల్లావాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. రూపశ్రీ వాటిని ఇంట్లో దాచమని తెచ్చి ఇస్తే, శకుంతలమ్మ మాత్రం చూసి, "ఈ పిడకల్ని తాగేదా?" అంది.

ఆ మేడమ్ దగ్గర నేర్చుకున్న టీ రుచి రూపశ్రీని వదల్లేదు. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డులో చిన్న గది చూసుకుంది. రకరకాల ఆకులు తెప్పించి, జనాన్ని కూర్చోబెట్టి రుచి చూపించి అమ్మాలని ఆమె ఆశ. ఫోన్ చేసి నాయనకు ఒకటే మాట చెప్పింది.

"సరుకు నువ్వు ఎంచాల నాయనా. ఆదివారం వస్తా. ఆ రెండూ తాగి తేడా చెప్పు. నువ్వు సరే అంటే సోమవారమే రాజీనామా ఇచ్చేస్తా."

ఆ నిమిషమే చెప్పేసి ఉండాల్సింది. మునిప్రసాద్ నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోటితో, "దానికేం పాపా, రా" అన్నాడు. మండీలో ఒక అచ్చు తప్పు చెప్తే రేపు ఇంకో అచ్చు వస్తుంది. ఇక్కడ కూతురు ఉన్న ఉద్యోగం వదులుకుని, లేని ముక్కును నమ్ముకుని అంగడి తెరవబోతోంది. తండ్రిగా సిగ్గుపడాల్సిన పని చేస్తున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ, ఆ వారమంతా మండీలో గోతాల మీద కూర్చుని ఫోన్లో పుయర్ వీడియోలు చూశాడు. పచ్చిది చేదు, వగరు, తర్వాత తీపి. మాగింది మట్టి వాసన, పాత చెక్క. పరీక్షకు పోయే పిల్లాడిలా బట్టీ పట్టేశాడు.

ఆదివారం పొద్దున టిఫిన్లు కాకముందే రూపశ్రీ బల్ల మీద చిన్న చిన్న కప్పులు పేర్చింది. పచ్చి బిళ్లను కత్తితో విరిచి, మరిగే నీళ్లు పోసి, ఆ మొదటి నీళ్లను పారబోసింది.

"అంత దూరం నుంచి తెచ్చి పారబోస్తావా?" అంది శకుంతలమ్మ.

"ఆకును కడగాల మా. రెండో నీళ్లే తాగేది."

లేత తేనె రంగులో వచ్చింది. మునిప్రసాద్ భయపడుతూనే గుటక వేశాడు. చేదు నాలిక నడుమ గట్టిగా తగిలింది. బుగ్గలు రెండూ లోపలికి పీక్కున్నాయి. మింగి ఊరుకున్నాక, ఎక్కడి నుంచో గొంతులో తీపి ఊరడం మొదలైంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇది బట్టీ పట్టింది కాదు, నిజంగా తెలుస్తోంది. ఎన్నాళ్లయింది ఒక రుచి ఇట్లా తనంతట తను వచ్చి పలకరించి!

"ఉసిరికాయ నమిలి నీళ్లు తాగినట్టుండాది పాపా. ముందర చేదు కొట్టింది. ఇప్పుడు చూడు, గొంతులో తీపి. ఇంకా వస్తానే ఉండాది."

రూపశ్రీ ముఖం వెలిగింది. "మా మేడమ్ కూడా అచ్చం ఇదే చెప్పింది నాయనా! గొంతులోకి తిరిగొచ్చే తీపి కోసమే పచ్చిది తాగుతారంట."

"నాకైతే వేపాకు కషాయం," అంది శకుంతలమ్మ కప్పు పక్కకు నెట్టి. "పాలన్నా పొయ్యరా దీంట్లో?"

అందరూ నవ్వారు. మునిప్రసాద్ మరీ గట్టిగా నవ్వాడు. ఒక గండం గడిచినవాడి నవ్వు అది.

"మా, ఆ నల్ల బిళ్ల నువ్వే కదా దాచింది? కొంచెం విరిచి, కడిగి, వేడినీళ్లు పోసి పట్టుకురా," అని రూపశ్రీ కప్పులు కడగడానికి లేచింది.

కాసేపటికి శకుంతలమ్మ వంటింట్లోంచి కూజా తెచ్చింది. రూపశ్రీ వంచితే కాఫీ డికాక్షన్ కంటే నల్లగా పడింది. పోస్తూ పోస్తూ ఆమె ఆగింది. ముక్కు ఎగబీల్చి, "మా, ఇది..." అనబోయింది.

అప్పటికే మునిప్రసాద్ కప్పు అందుకుని, నోటినిండా తీసుకుని, కళ్లు మూసుకున్నాడు. ముందు మాట్లాడాలి కదా.

"ఆహా," అన్నాడు. "వాన పడిన మన్ను. పాత చెక్కపెట్టె మూత తీసినట్టుండాది. మెత్తగా, చల్లగా దిగతా ఉండాది. పచ్చిదాని కన్నా ఇదే మేలు పాపా. ఇది తెప్పించు. కళ్లు మూసుకుని అమ్మొచ్చు."

కళ్లు తెరిచి చూస్తే రూపశ్రీ కప్పు పెదవుల దాకా తెచ్చి పట్టుకుని ఉంది. తాగలేదు. కూతురు తల్లి వైపు చూసింది. శకుంతలమ్మ తన కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగి, బల్ల మీద పెట్టింది.

"అవునే," అంది. "మన్ను వాసనే. బాగుండాది."

అక్కడే మునిప్రసాద్‌కు అనుమానం వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన రుచికి తలూపిన పాపాన పోలేదు. నెయ్యి కమ్మగా ఉందంటే కమురు అనేది. కాఫీపొడి కొత్తదంటే పాతదనేది. పచ్చిదాన్ని ఇప్పుడే వేపాకు కషాయం చేసేసింది. అట్లాంటి మనిషి 'అవునే' అంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆయన పరిస్థితి అదీ.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం కాలే. తాగు," అంది శకుంతలమ్మ.

రూపశ్రీ కప్పు కింద పెట్టింది. "ఇంగువ నాయనా. ఇల్లంతా ఇంగువ కొడతా ఉండాది. పక్కింటోళ్లకు కూడా తెలుస్తాది."

జరిగింది ఇంతే. ఆ ఇంట్లో పాత చింతపండు జాడీలో పురుగు పట్టకుండా ఇంగువ గడ్డ వేసి ఉంచడం అత్తగారి కాలం నుంచీ అలవాటు. ఏళ్లకేళ్లు దాచేదని కూతురు చెప్పింది కదా, చూడ్డానికి కూడా నల్లగా పాత చింతపండు మాదిరే ఉంది కదా అని శకుంతలమ్మ ఆ బిళ్లను భద్రంగా ఆ జాడీలోనే పెట్టింది. మూతకు గుడ్డ కూడా కట్టింది. వంటింట్లో వేడినీళ్లు పోసినప్పుడు ఘాటు కొట్టినా, చైనావాళ్ల సరుకు ఇట్లే ఉంటుందేమో అనుకుంది.

"ఆఁ, ఇంగువ నాకూ తెలిసింది," అన్నాడు మునిప్రసాద్ తడబడుతూ. "మీ అమ్మ చిన్నబుచ్చుకుంటాదని..."

"ఇంక సాలించయ్యా," అంది శకుంతలమ్మ. కోపంగా కాదు, మెల్లగానే అంది. "నీకు జొరం తగ్గిన వారమే నాకు తెలుసు. పోపు మాడిపోయి వంటిల్లు పొగైతే, నువ్వు ఈడ కూర్చుని పేపరు చదవతా ఉన్నావు. ఆపొద్దు నుంచే తెలుసు."

ఈ రెండేళ్లలో ఈమెకు నోరెక్కువైందని మునిప్రసాద్ ఎన్నిసార్లు విసుక్కున్నాడో! పొద్దున లేస్తే 'పక్కింట్లో కరివేపాకు వేసినారు', 'ఈపొద్దు మల్లెపూలు మంచివి, గుప్పుమంటా ఉండాయి', 'యాడనో వాన పడినట్టుండాది, మన్ను వాసన కొడతా ఉండాది'. వయసు మీద పడి వాగుతోందనుకున్నాడు. ఊరికే వాగలేదు, ఆయనకు చెప్తూ వచ్చింది. ఆయన వాటినే మండీకి మోసుకుపోయి తన మాటలుగా చెప్పుకున్నాడు.

రూపశ్రీ కళ్లు తుడుచుకుంది. ఆ నీళ్లు ఇంగువవి కావు.

"రేపు నేను రాజీనామా ఇచ్చేదాన్ని నాయనా."

"చెప్దామనే అనుకున్నా పాపా. చెప్తే మండీలో నా ముందర ఎవరూ అచ్చు పెట్టరు. నీకు కూడా నాయన దేనికీ పనికిరాడని..."

"నీ ముక్కు కోసమా నేను పిలిచింది?" ఆమె గొంతు పైకి లేచింది. "ముక్కుండే వాళ్లు తిరుపతి నిండా ఉండారు. మామ తెచ్చిన బెల్లాన్నే బాగలేదని పదిమందిలో అన్నావే, ఆ మనిషి కావాలని పిలిచినా. నేను తప్పు సరుకు పెడితే, ఇది బాగలేదు పాపా అని నువ్వొక్కడివే నా మొహాన చెప్తావని పిలిచినా."

ముక్కు పోయిందని రెండేళ్లు ఏడ్చాడు. అంతకంటే పెద్దది పోతున్నా తెలుసుకోలేకపోయాడు.

రూపశ్రీ వంటింట్లోకి వెళ్లి ఆ నల్ల బిళ్లనే తెచ్చింది. పైపొర అంతా కత్తితో చెక్కి తీసేసి, నడిమి ముక్క విరిచి, రెండుసార్లు కడిగి, కొత్తగా నీళ్లు పోసింది. మూడు కప్పులు నింపింది. ఒకటి నాయన ముందుకు జరిపి, "చెప్పు," అంది.

మునిప్రసాద్ తాగాడు. అలవాటు కొద్దీ మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపి, ఇంకో గుక్క తాగి, నిదానంగా చూసుకున్నాడు.

"చేదు లేదు. వగరు లేదు. నున్నగా పోతా ఉండాది, గంజి మాదిరి. కడాన రవ్వంత తీపి. వాసన సంగతి నాకు తెలీదు పాపా. ఇంగువ పోయిందో లేదో కూడా నాకు తెలీదు."

మండీలో అన్నేళ్లు కూర్చున్నా 'నాకు తెలీదు' అన్న మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అనేశాక చూస్తే, ఇల్లు ఇల్లుగానే ఉంది. రూపశ్రీ తల ఊపింది.

"రాజీనామా ఇప్పుడే ఇయ్యను. వచ్చే ఆదివారం ఇంకో రెండు రకాలు తెస్తా," అంది.

ఆయన భార్య వైపు తిరిగాడు.

"ఎట్లుండాది శకుంతలా?"

"ఏంది?"

"వాసన. చెప్పు."

రెండేళ్లుగా అడక్కుండానే చెప్పిన మనిషి, అడిగేసరికి తడుముకుంది. కప్పు ముక్కు దగ్గరికి తెచ్చుకుని రెండుసార్లు పీల్చింది.

"ఇంగువ కొంచెం ఉండాది," అంది. "దాని కింద... ఉండు, మళ్లీ చూడనీ."

మునిప్రసాద్ కప్పు పట్టుకుని కాచుకున్నాడు.