పలచటి నూనె

కారు కడుపు నేలకు పిడికిలంత ఎత్తులో ఉంది. జాకీ దూరలేదు. మోషే రెండుసార్లు వంగి చూసి, నడుము పట్టుకుని లేచి, "గుంత మీదికే ఎక్కించాల" అన్నాడు.

ఆళ్లగడ్డ దాటగానే నంద్యాల రోడ్డు పక్కన మోషే షెడ్డు. అందులోని గుంత ట్రాక్టర్ల కోసం, జీపుల కోసం తవ్వుకున్నది. వాటి కిందికి మనిషి చక్రాల మధ్య నుంచి దిగొచ్చు, ఎక్కొచ్చు. ఈ పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు మీదికొస్తే మాత్రం గుంతలోకి పిల్లి కూడా దూరదు. అందుకే ఎవరో ఒకరు ముందే దిగి ఉండాలి. మోషే ఎదురుగా నిలబడి చక్రాలకు దారి చూపాలి. ఇక మిగిలింది కూతురు ఫెబా. పదిహేడేళ్ల పిల్ల. నాయనకు స్పానర్లు అందిస్తూ పెరిగింది కానీ, కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు. అడిగితే తలూపుతుంది, అంతే.

టార్చీ, స్పానరూ, కొత్త వాషరూ, నూనె పట్టే గిన్నే తీసుకుని దిగింది. కారు మెల్లగా మీదికొచ్చింది. వెలుతురు సగం పోయింది, తర్వాత మొత్తం పోయింది. పక్కల సందులోంచి గీత గీసినట్టు కొంచెం ఎండ మిగిలింది.

అప్పుడు తోచింది మోషేకు. "మ్మే, నువ్వు మళ్ళా బయటికెట్లొస్తావ్?"

"ఏముందన్నా, నూనె మార్చినాక బండి తీస్తాం కదా" అన్నాడు అభినవ్.

అభినవ్ నంద్యాలలో బట్టల కొట్టు జనార్దనం కొడుకు. ఆ కొట్టు వ్యాను ఇరవై ఏళ్లుగా మోషే చేతిలోనే ఉంది. బెంగళూరులో ఎవరో వాడిన ఈ కారును కొనుక్కొచ్చాడు. స్టీరింగు ముందు నూనె హెచ్చరిక లైటు వెలిగేసరికి, ఇంకెవరికీ చూపించకుండా నేరుగా ఇక్కడికే తెచ్చాడు. నాలుగింటికి చెల్లెలు సుష్మ నిశ్చితార్థం, అంతలోపల తిరిగి పోవాలి. మోషే చెయ్యి తగిలిన ఇంజన్ నడిదారిలో ఆగదని వాళ్ల ఇంట్లో మాట. ఆ మాటే షెడ్డుకు బోర్డు. వేరే బోర్డు లేదు.

ఫెబా బోల్టు విప్పింది. పాత నూనె వెచ్చగా, నల్లగా దిగి, మోచేతి దాకా కారింది. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

పైన మాటలు వినపడుతున్నాయి.

"కారు అమ్మినాయన డిక్కీలో ఈ డబ్బాలు పెట్టిచ్చినాడన్నా. ఇదే పొయ్యమన్నాడు."

ఏ నూనైనా మోషే తన వేళ్లను అడగనిదే పోయడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క పెట్టి, బెల్లం పాకం చూసినట్టు సాగదీస్తాడు. తీగ వస్తే మంచి సరుకు, రాకపోతే నకిలీ. ట్రాక్టరు నూనెలో నకిలీ డబ్బాలను అట్లాగే ఎన్నోసార్లు పట్టేశాడు.

"ఏందీ, నీళ్ల మాదిరి ఉండాది! నిన్ను మోసం చేసినారప్పా. మన ఎండకు ఇది నిలుస్తాదా? నా కాడ ట్రాక్టరు నూనె ఉండాది, చిక్కటిది. అది పోస్తా."

"నువ్వేం చెప్తే అదేనన్నా. బేగా కానీ."

కింద ఫెబాకు ఆ మాట వినపడింది. గుంతలోకి దిగేముందు ఇంజన్ మీది నూనె మూత చూసింది. దాని మీద 0W-40 అని ఉంది. డిక్కీలోంచి అప్పటికే దింపిన డబ్బాల మీదా అదే ఉంది. ఏ ఇంజన్‌కు ఏ నూనో చెప్పే పటాన్ని, షెడ్డు గోడకు అంటించినదాన్ని, ఎన్నో మధ్యాహ్నాలు చదివింది. సన్నటి దారులున్న ఇంజన్‌లో చిక్కటి నూనె పోస్తే, స్టార్ట్ చేయగానే పైదాకా అందదు. ఇనుమును ఇనుము కొరుక్కుంటుంది. ఈరోజుకేమీ కాదు. ఎప్పుడో ఒకనాడు డోన్ దారిలో ఇంజన్ బిగుసుకుపోయి ఆగితే, నంద్యాల బజారంతా నాయన పేరే చెప్పుకుంటుంది.

చెప్పాలి. కొత్త మనిషి వింటుండగా, నాయనది తప్పని చెప్పాలి.

"మ్మే, బోల్టు బిగించినావా? పోస్తాండా."

బోల్టు ఆమె పిడికిట్లో ఉంది.

"లేదు."

"బిగించు."

"బిగించను నాయనా."

"ఏం, బోల్టు మర అరిగిపోయిందా?"

"లేదు."

"మరేందే? గుంతలో సినిమా చూస్తాండావా?"

అభినవ్ నవ్వాడు. ఆ నవ్వుకు ఫెబా చెవులు వేడెక్కాయి. బిగిస్తే ఐదు నిమిషాల్లో బయటపడొచ్చు. బిగించకపోతే నూనె పోయలేరు, ఇంజన్ తిరగదు, తనూ బయటికి రాలేదు. తోసేద్దామంటే, రోడ్డు మీంచి షెడ్డులోకి వాలులో దిగేటప్పుడే కారు అంగుళం అంగుళంగా దిగింది. ఆ వాలు మీదికి చేతుల్తో తోస్తే కారు అడుగు నేలకు గీసుకుపోతుంది. కాళ్లు చాచే చోటు లేదు. కాలిన నూనె వాసనకు గొంతు మండుతోంది.

సందులో నాయన కన్ను ఒకటి కనిపించింది. "చెప్పు."

ఫెబా కళ్లు మూసుకుంది. "అది నకిలీ కాదు నాయనా. ఇంజన్ మూత మీద కూడా అదే రాసుండాది."

"రాసినోడు ఆళ్లగడ్డ ఎండ చూసినాడా?"

"వెనక నలభై ఉండాది కదా, అది వేడికే. నీ ట్రాక్టరు నూనెకూ వెనక నలభయ్యే. చల్లగా ఉన్నప్పుడే ఇది పలచన. బాగా కాగినాక రెండూ దగ్గర దగ్గర ఒకటే."

"నా వేళ్లకు తెలీనిది పటానికి తెలుస్తాదా?"

"కాగిన ఇంజన్‌లో నువ్వు వేళ్లు పెట్టి చూళ్లేదు కదా!"

అన్నాక భయమేసింది. ఆగితే మళ్లీ మాట రాదని ఒక్క ఊపిరిలో చెప్పేసింది: "అమ్మ పెనం తెప్పించు. వాలుగా పట్టుకోని రెండు నూనెలూ చెరొక చుక్క వెయ్యి. ముందు చల్లగా, తర్వాత కాచి."

కాసేపటికి, షెడ్డు వెనక ఇంట్లోంచి వచ్చిన తల్లి జీవమ్మ గొంతు వినిపించింది. "ఇంజన్ నూనె నా దోసె పెనం మీదనా? రేపట్నుంచి దోసెలు దాంతోనే కాల్చుకోని తిను!"

"కడిగిస్తా లేవే."

"కడిగితే పోయే వాసనా అది?"

తర్వాత అభినవ్ గొంతు. "పలచటిది ఉరికిందన్నా. నీది ఎద్దులబండి."

"నేను చెప్పలా?" అన్నాడు మోషే.

స్టవ్వు బుసకొట్టింది. ఫెబాకు కనిపించేది కారు అడుగూ, టార్చి వెలుగులో తెరిచి ఉన్న గుండ్రటి రంధ్రమూ. చెమట కళ్లలోకి దిగుతోంది. తుడుచుకుందామంటే చేతులనిండా నూనె. పెనం కాగేదాకా లెక్కపెడదామనుకుని మొదలుపెట్టి, మూడుసార్లు లెక్క తప్పింది.

"అన్నా! ఇప్పుడు పక్కపక్కనే దిగుతాండాయే!"

మోషే "ఇంకోసారి" అన్నాడు. మళ్లీ, "ఇంకోసారి."

మూడోసారి తర్వాత స్టవ్వు ఆగింది. చెప్పుల చప్పుడు దూరమై, తిరిగి దగ్గరైంది. డబ్బా మూత తిరిగింది.

"బోల్టు బిగించు."

"ఏది పోస్తాండావ్ నాయనా?"

గిరాకీ ముందు ఒకసారి అన్న మాటను నాయన వెనక్కు తీసుకోవడం ఫెబా ఎన్నడూ చూడలేదు. ఆమె కూడా బోల్టును పిడికిట్లోంచి తియ్యలేదు.

నాయన గొంతు సవరించుకున్నాడు. మాట ఆమెతో కాదు. "అప్పా, నాదే పొరపాటు. నీ డబ్బాల్లోది మంచి నూనే. అదే పోస్తాండా."

ఫెబా కొత్త వాషర్ వేసి బోల్టు పెట్టింది. నూనె చేతుల్లో జారి మొదటిసారి మర తప్పింది. రెండోసారి కుదిరింది. పైనుంచి నూనె గుబగుబమని దిగింది. ఇంజన్ ఆమె నెత్తిమీదే గర్జించింది. గుంత గోడలు అదిరాయి.

"కారుతాందా?"

"లేదు!"

"ఆ?"

"లేదు నాయనా!" అని అరిచింది.

కారు వెనక్కు జరిగింది. ఎండ ఒక్కసారిగా మీద పడింది. కళ్లు చిట్లించి చూస్తే, కిటికీలోంచి తల బయటపెట్టి అభినవ్.

"అన్నా, మళ్ళా ఎప్పుడు మార్చాల?"

"నన్నడగొద్దప్పా, ఆ పిల్లనడుగు."

ఫెబా గుంత గోడవైపు తిరిగింది. "పది వేల కిలోమీటర్లకు... లేకపోతే ఏడాదికి. ఏది ముందైతే అది" అని సిమెంటుతో అన్నట్టు అంది.

"గోడకు కాదు," అన్నాడు మోషే, వంగి చెయ్యి చాస్తూ. "పైకొచ్చి ఆయప్పకు చెప్పు."

కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. ఆ చెయ్యి పట్టుకుని, ఫెబా మొదటి మెట్టు మీద పాదం పెట్టింది.