రాయి తగిలిన పిన్నులు

మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్లను పైకి మోసే గొలుసు మళ్ళీ తెగింది. లింకుల్లో బిగించిన పిన్నులు ఊడి, ఎలుకలు కొరికినట్టు అరిగిపోయి నేల మీద పడ్డాయి. బయట వడ్ల లారీలు బారులు తీరాయి.

మిల్లు యజమాని కృష్ణమూర్తి సూర్యాపేట నుంచి సుగుణమ్మను పిలిపించాడు. ఆ పిన్నులను బొగ్గుపొడిలో పెట్టి కాల్చి, పై పొర గట్టిపడేలా టెంపర్ పట్టేది ఆమె కొలిమిలోనే. మిల్లులోనే ప్రెస్సు పెట్టుకుని వాటిని లింకుల్లోకి దించేది కోదాడ పరశురాములు.

హమాలీలందరూ వినేలా అరిచాడు కృష్ణమూర్తి. "టెంపర్ లేదు, పాడు లేదు. మన్ను కాల్చి పంపినవ్! తప్పైందని ఒప్పుకో, పని నీకే ఉంటది. లేకుంటె ఇంకో కొలిమి సూసుకుంట."

ఈ మిల్లు పని పోతే కొలిమి ఆరిపోతుందని సుగుణమ్మకు తెలుసు. అయినా కొంగు నడుముకు దోపింది.

"ఆరిపోతె ఆరిపోనియ్ సేటూ. చెయ్యని తప్పు నా నోట రాదు."

తను తెచ్చిన కొత్త పిన్నుల సంచిలోంచి ఆకురాయి తీసింది. కొత్త పిన్ను మీద రుద్దితే గాజు మీద గోరులా జారింది. ఊడిన పిన్ను నడుమ రుద్దినా జారింది. కొసన రుద్దితే మాత్రం కరకర కొరికి, రజను రాలింది.

"పరశురాములు తమ్మీ, కొసలకు రాయి పట్టించినవా?"

పరశురాములు మెడ గోక్కున్నాడు. "లింకు బెజ్జం బిర్రుగున్నదక్కా. దూరకపోతె జరంత గ్రైండర్‌కు తాకిస్తం. అందరు చేసేదే గదా."

"నేను పట్టిన టెంపరంత తోలు మందమే ఉంటది. తోలు ఒల్చి మెత్తటిది బిగిస్తె నిలుస్తదా? పెంచేదుంటె బెజ్జం పెంచాలె."

కృష్ణమూర్తి గొంతు దిగింది. "ఇగ కొట్లాటెందుకు? చెరి సగం తప్పు ఒప్పుకోండ్రి."

"తప్పేమన్న పుచ్చకాయనా, కోసి పంచనీకి?" అంది సుగుణమ్మ. "తమ్మీ, బెజ్జం పెంచి ఒకటి బిగించి సూపియ్."

పరశురాములు బెజ్జాన్ని వెంట్రుకవాసి పెంచి, కొత్త పిన్నును ఉన్నదున్నట్టే ప్రెస్సు కింద పెట్టాడు. అది మూలుగుతూ దిగి, బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టినా కదలలేదు.

"మిగతావి గూడ కానియ్," కృష్ణమూర్తి తొందరపెట్టాడు.

సుగుణమ్మ వెళ్ళి పిన్నుల సంచి మీద కూర్చుంది. "మన్ను కాల్చిన అన్నవ్ గదా, గీళ్లందరి ముందర. గా మాట ఎనకకు తీస్కో."

"సరే తియ్, తీసుకున్న."

"నాకు కాదు. గాళ్లకు చెప్పు."

గేటు బయట లారీ హారన్ మోగింది. ఆమె కదలలేదు. కృష్ణమూర్తి హమాలీల వైపు తిరిగి, నేల చూస్తూ, "ఆమె టెంపర్ మంచిదే," అని గొణిగాడు.

బస్తాల వెనక నుంచి ఎవరో అన్నారు: "ఇనవడలె సేటూ!"

ఈసారి లారీలకు కూడా వినిపించేలా చెప్పాడు కృష్ణమూర్తి.

సుగుణమ్మ లేచి కొంగు దులుపుకుంది. "పట్టు తమ్మీ సంచి. ముందుగాల గా గ్రైండర్ వైరు పీకెయ్."