పట్టికలో లేని బెల్లం

మా అత్త ఓబులమ్మ మొక్కుకున్న రోజున ఆమె కొడుకు, అంటే మా ఆయన, చీపురుపుల్లలా ఉన్నాడు. టైఫాయిడు తగ్గితే వాడి బరువుకు సరితూగే బెల్లం నరసింహస్వామికి ఇస్తానని ఆమె ముడుపు కట్టింది. జ్వరం తగ్గింది. వానలు పడలేదు గనుక మొక్కు వాయిదా పడింది. మా ఆయన మాత్రం ఏ వాయిదా లేకుండా లావెక్కుతూ పోయాడు. వచ్చే తిరుణాలకు తూచి తీరాల్సిందేనని అత్త తేల్చేసరికి మొక్కిననాటి మనిషికి రెండింతలయ్యాడు.

"మొక్కినప్పుడు నేనెంతుంటినో అంతకే తూస్తే సాలదా?" అని నన్నడిగాడు. అప్పటి తూకం స్వామికి గుర్తుండకపోవచ్చని చెప్పాను.

కరువేడు. బత్తలపల్లె సంతలో బెల్లం ధర అడగడానికే జనం జంకుతున్నారు. బెల్లం తగ్గాలంటే తానే తగ్గాలని ఆయనకు తోచింది. ఎవరో మద్రాసు నుంచి తెచ్చిన ఇంగ్లీషు పత్రికలో పక్షం రోజుల్లో సన్నబడే ఉపాయం ఉందట. బి.ఎ. చదివిన భార్య ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఏ తిండికి ఎన్ని కేలరీలో పట్టిక చదివి వినిపించాను. అందులో ఆపిల్ ఉంది, బ్రెడ్డు ఉంది. రాగిసంగటి లేదు, అందులో నంజుకునే వేరుశనగ పచ్చడి, అదే మా చెనిక్కాయల ఊరుబిండి, లేదు. పట్టికలో లేనిది ముట్టకూడదని ఆయన శాసనం చేశాడు. ఆపిల్‌ను మా ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. ఇక మిగిలింది ఉడికించిన కోడిగుడ్డు, దోసకాయ, పాలు లేని కాఫీ. ఎందుకు తినడం లేదని తల్లి అడిగితే ఆకలి లేదనేవాడు.

ఇమాంసాబ్ చెనిక్కాయల మండీలో కాటా ఉంది. సంతకు పోయినప్పుడల్లా మూటల మధ్య తానూ ఎక్కి తూగి వచ్చేవాడు. మొదటి వారం బరువు దభాలున దిగింది. ఎలక్షన్లో గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు. ముందు పోయేది ఒంట్లో నీరేనని, తొందరపడి పోయింది తొందరగానే తిరిగొస్తుందని చెప్పి చూశాను. వినలేదు. రెండో వారం కాటా ముల్లు కదల్లేదు. కోపం మాత్రం కదిలింది. ఎద్దుల్ని తిట్టాడు, వాటికి గడ్డి వేసినవాణ్ణి తిట్టాడు, ఆకాశాన్నీ తిట్టాడు. ఆఖరికి ఒకనాడు కాటా మీదే కళ్లు తిరిగి కూలబడ్డాడు.

ఇమాంసాబ్ బండిలో వేసుకొచ్చి గడపలో దింపాడు. "ఏమ్మా, ఈయనకు కూడు పెడ్తాండారా లేదా? నిలబడేకి గూడా సత్తువ లేదు" అని అందరూ వినేలా అడిగాడు.

మా అత్త ముఖం పాలిపోయింది. కేలరీలు ఎరగని ఆమె లెక్క వేరు. మొక్కు ఆలస్యం చేసినందుకు, ఇచ్చిన ఒళ్లు స్వామి తిరిగి తీసుకుంటున్నాడు. పసుపు గుడ్డ తెచ్చి పటం ముందు నిలబడింది.

"సామీ, తప్పయిపాయ. నా కొడుకు మళ్లీ మునుపటి మాదిరి అయితే ఒగ తూరి కాదు, రెండు తూర్లు తూపిస్తా."

మంచం మీది నుంచి ఆయన నా వంక చూశాడు. నిజం చెబితే దేవుడి బెల్లానికి ఎగనామం పెట్టబోయిన సంగతి తల్లికి తెలుస్తుంది. చెప్పకపోతే బెల్లం రెండింతలు. భర్త రహస్యం కాపాడటం భార్య ధర్మం గనుక నేను నోరు మెదపలేదు.

అత్త అటు పోగానే, "ఇట్లే సన్నగా ఉండిపోతే?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"మూడు తూర్లని మొక్కుతుంది."

ఆయన లేచి కూర్చుని సంగటి కెలకమన్నాడు.

పోయిన బరువు తిరిగొచ్చింది, తోడుగా మరికొంత బంధుబలగాన్ని కూడా తెచ్చింది. తిరుణాల నాడు గుడి త్రాసు తాళ్ల మీద ఎవరికీ నమ్మకం కుదరక ఇమాంసాబ్ కాటానే తెప్పించారు. ఒకసారి తూచి, ఆయన్ని దింపి, మళ్లీ ఎక్కించారు. ఆ రెండోసారి మా అత్త ముఖం చూడాల్సింది. కొడుకు ఎంత తూగితే ఆమెకు అంత సంతోషం.

ఊరంతటికీ బెల్లం పంచారు. ఆయన కూడా పిడికెడు ముక్క తీసుకుని, నోటి దాకా తెచ్చి ఆగాడు.

"ఇందులో కేలరీలు ఎన్నుంటాయి?"

"పట్టికలో లేదు" అన్నాను.

తన శాసనం ఆయనకు గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు.