చేటెడు తవుడు

కోటబొమ్మాళి హైస్కూలు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న ఉదయభాస్కర్ సారు, వేసవి క్యాంపు దరఖాస్తును ధనలక్ష్మి వైపు వెనక్కి జరపడం అది రెండోసారి. మొదటిసారి ఫొటో లేదన్నాడు. ఈసారి ఫొటో ఉంది, ఆధార్ జిరాక్సు ఉంది, ఎందుకైనా మంచిదని పిల్ల చిన్నప్పటి టీకాల కార్డు కూడా పట్టుకొచ్చింది. అయినా జరిపాడు.

"తల్లి సంతకం కావాలమ్మా. ఆధార్‌లో, స్కూలు కాగితంలో తల్లి పేరు దేముడమ్మ అని ఉంది. మీరేమో ధనలక్ష్మి అంటున్నారు."

"నాను పిన్నినండి. నానెడితే సాలదేటి?"

"చాలదు. తండ్రి వస్తారా?"

"కోతమిషను మీద ఒడిశా ఎల్లిపోనాడు బాబూ. పదిరోజులకి గాని రాడు."

"అయితే తల్లినే తీసుకురండి. పది రోజుల క్యాంపు ఇది. ఆఖరి రోజు పిల్లల్ని భావనపాడు బీచికి తీసుకెళ్తాం. తల్లి వచ్చి, అన్నీ విని, ఒప్పుకుంటేనే ఆడపిల్లని తీసుకుంటాం. రేపు ఒంటిగంట వరకే టైము. నలభై సీట్లు, ముప్ఫై ఏడు నిండిపోయాయి."

బీచి అన్న మాట చాలు ధనలక్ష్మికి. ఒక్క నిమిషంలో కెరటం వచ్చింది, పిల్ల చెప్పు ఒకటి తేలింది, ఎవరో ఫోను చేశారు. అంతా కళ్ళకు కట్టింది. "ఈ కేంపూ వద్దు, ఏటీ వద్దు" అని పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి పోయే మనిషే. కానీ పోలేదు. జనవరిలో జరిగింది అంతకన్నా భయపెట్టింది మరి.

జనవరిలో ఝాన్సీ బడి నుంచి ఆటోలో వస్తోంది. ఊరి మలుపు దగ్గర కల్వర్టు ఉంటుంది, అక్కడ దిగాలి. ఆటో అతను ఆపడం మరిచిపోయాడు. నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్న పిల్ల "ఆపండి" అనలేదు. ఆటో టెక్కలి దాకా పోయింది. అందరితో పాటు దిగి, ఎవరినీ ఏమీ అడగకుండా రెండు గంటలు బస్టాండులో నించుంది. ఊరివాళ్ళెవరో చూసి తీసుకొచ్చారు. ఆ రెండు గంటల్లో ధనలక్ష్మి బావుల్లోకి తొంగి చూసింది, రైలు పట్టాల వెంట నడిచింది, చెరకుతోటల్లో కేకలు వేసింది.

"నోట్లో నాలిక లేదేటే? ఆపమని ఒక్క మాట అనలేవా?" అని ఏడుస్తూ వీపు మీద ఒకటి వేసింది.

"ఆయన్ని ఏటని పిలవాలో తెల్నేదు పిన్నీ" అంది ఝాన్సీ.

పదమూడేళ్ళ పిల్ల. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసింది. లెక్కల్లో మొదటి మార్కు. బయట మాత్రం నోరు పెగలదు. క్లాసు టీచరు జగదీశ్వరి మేడమే ఈ క్యాంపు సంగతి చెప్పింది. జీవన నైపుణ్యాలని నేర్పుతారట. నలుగురిలో మాట్లాడటం, తప్పిపోతే సాయం అడగటం, ఎవరైనా చెయ్యి వేస్తే వద్దు అని గట్టిగా అనడం. వద్దు అనడం కూడా ఒకరు నేర్పాలా అనుకుంది ధనలక్ష్మి ముందు. తరవాత ఆ మాటే ఆమెను పట్టుకుంది. రేపు ఇంకేదో ఆటో, ఇంకెవడో మనిషి. ఆపండి అనలేని ఆడపిల్ల.

ఇక తల్లి సంతకం సంగతి. ఝాన్సీకి ముందు ధనలక్ష్మికి ఇద్దరు పుట్టి పోయారు. ఒకరు ఏడో రోజున, ఒకరు పదకొండో నెలలో. మూడో కాన్పుకి అత్తగారు పసిగుడ్డును చేటలో పెట్టి, అరవై దగ్గరపడ్డ పక్కింటి దేముడమ్మ చేతికిచ్చింది. దేముడమ్మ అదే చేటతో తవుడు కొలిచిచ్చి పిల్లను కొనుక్కుంది. ఆ ఇంటి మీద కన్నేసినదేదో, ఈ పిల్ల వీళ్ళది కాదనుకుని దాటిపోతుందని నమ్మకం. ఆ వైపు ఊళ్ళన్నింటా ఉన్నదే. ఊరికో తవిటమ్మ, వీధికో తవిటినాయుడు ఉంటారు. మర్నాడు పిల్లను పెంచడానికి ఇంటికి తెచ్చుకుంటారు, పెళ్ళి ముందు తవుడు తిరిగిచ్చి కొనుక్కుంటారు.

ఎవరింట్లోనైనా ఆ తంతు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ధనలక్ష్మి దాన్ని సర్కారు కాగితాల దాకా మోసుకుపోయింది. ఆధార్ తీసేవాడు తల్లి పేరు అడిగితే దేముడమ్మ అని చెప్పింది. బళ్ళో వేసిన రోజూ అదే చెప్పింది. మొగుడు రమేష్‌బాబు తల పట్టుకున్నాడు.

"ఒసే, ఆ వచ్చేదేదో కాగితాలు సదివి వస్తాదేటే?"

"సదవడం వస్తే?" అంది ధనలక్ష్మి.

అంతే. పిల్ల చేత తనను పిన్ని అని పిలిపించుకుంది. ఎప్పుడైనా పొరపాటున అమ్మా అంటే నోరు మూసేసేది. బళ్ళో సంతకం కావలసినప్పుడల్లా దేముడమ్మ వెళ్ళి వేలిముద్ర వేసొచ్చేది. ఊళ్ళో కుర్రాళ్ళు పదమూడేళ్ళుగా రమేష్‌బాబును "ఏం బావా, మీ పెద్దావిడకి కంటి ఆపరేషను అయిందేటి?" అని ఏడిపిస్తూనే ఉన్నారు.

మర్నాడు పదకొండున్నరకి ముగ్గురూ వరండాలో ఉన్నారు. మధ్యలో ఝాన్సీ, ఈ పక్క ధనలక్ష్మి, ఆ పక్క కర్ర పట్టుకుని దేముడమ్మ. ఉదయభాస్కర్ సారు కళ్ళద్దాలు పైకి తోసుకుని ముసలావిడ వంక చూశాడు. పిల్ల వంక చూశాడు.

"ఈవిడా తల్లి?"

"ఔను బాబూ" అంది ధనలక్ష్మి గబగబా. "ఏలిముద్ర ఎక్కడ ఎయ్యాలో సెప్పండి."

"ఓలమ్మ!" అని దేముడమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "నాకు డబ్బై రెండు బాబూ. నాను కన్నానంటే పేపర్లో ఏస్తారు. తవుడిచ్చి కొనుక్కున్న తల్లిని. కన్నదీ ఇదే, పెంచిందీ ఇదే. సంతకాలకి మాత్రం నన్ను ఈడ్సుకొస్తాది."

ధనలక్ష్మి ఆమె మోచెయ్యి గిల్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

సారు నవ్వలేదు. "మాది కొత్తవలస. మా చిన్నాన్న పేరు తవుడు. నాకు తెలీని సంగతి కాదు" అన్నాడు. "కానీ కొనుక్కున్న తల్లి వేలిముద్ర మీద పిల్లని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళలేను. మీరే తెల్లకాగితం మీద రాసివ్వండి, కన్నతల్లిని నేనే అని. జగదీశ్వరి మేడం సాక్షి సంతకం పెడతారు. ఆధార్ తరవాత మార్పించుకోండి." పిల్ల వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, మీ అమ్మ పేరేంటి?"

ఝాన్సీ ఇటు చూసింది, అటు చూసింది. తరవాత నేలను చూసింది.

"దానికి సిగ్గు బాబూ, కొత్తోళ్ళ దగ్గిర..."

"పాపని అడిగానండి."

ఝాన్సీ కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తోంది. ధనలక్ష్మికి ఆ మొహం తెలుసు. టెక్కలి నుంచి వచ్చిన రోజు మొహం అది. ఏటని పిలవాలో తెల్నేదు పిన్నీ. ఆ మాట అప్పుడు ఆటో అతని గురించే అనుకుంది.

"బేగి తెమల్చండమ్మా, ఎండెక్కిపోతంది" అన్నారెవరో వెనకనుంచి.

ధనలక్ష్మి దేముడమ్మను స్తంభం చాటుకి లాక్కెళ్ళింది. "ఎంత పని సేసినావే పెద్దమ్మా! కొనుక్కోకుండా నాదని ఎలగ రాయను? ఏటైనా అయితే?"

"అయితే కొనుక్కో."

"పెళ్ళికి కదేటి కొనుక్కునేది?"

"పెళ్ళి దాకా నానుండొద్దా? నాను సచ్చిపోతే ఎవుల దగ్గిర కొనుక్కుంటావు? ఎల్లు, చేటెడు తవుడు అట్టుకురా. ఊరి సుట్టూ వరే, తవుడు దొరకదేటి?"

దొరకలేదు. స్టేషన్ రోడ్డులో రైసుమిల్లుకి పరుగెత్తింది. ఆ లైనుకి కరెంటు లేదు, మూడింటికి రమ్మన్నారు. పశువుల దాణా అంగడికి వెళ్తే అతను ఫోనులోంచి తల ఎత్తకుండా "బస్తా అయితే ఇస్తాను. చేటెడు తవుడు ఎవుడమ్ముతాడమ్మా?" అన్నాడు. రెండో అంగట్లో ఇప్పుడు ఎవరూ తవుడు వాడటంలేదని చెప్పి, గుళికల దాణా సంచీ మీద గేదె బొమ్మ చూపించాడు. పన్నెండుంపావు అయింది. నెత్తి మాడిపోతోంది. ఇక్కడే వడదెబ్బ తగిలి పడిపోతే పిల్లను ఎవరు చూస్తారు? చేతిలో కాగితం లేదు, ఒంటి మీద చిరునామా లేదు. ఇన్ని వేల బస్తాల ధాన్యం ఆడించే ఊళ్ళో తనకు చేటెడు తవుడు పుట్టదా? తన రాతే ఇంత. పండిన పంట కూడా తన దాకా వచ్చేసరికి ఎండిపోతుంది. మిల్లువాణ్ణి తిట్టుకుంది, కరెంటువాళ్ళను తిట్టుకుంది, వరండా నిండా నోరు తెరిచిన దేముడమ్మను తిట్టుకుంది. చివరికి ఆధార్ తీసినవాడి మీదకి పోయింది కోపం. తను ఏది చెబితే అది రాసుకుపోయాడు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

తిరిగి వస్తుంటే సందులో ఒక ఇంటి ముందు గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టి ఉంది. ధనలక్ష్మి గేటు పట్టుకుని నిలబడిపోయింది.

"తల్లీ, కాస్త తవుడుంటే పెడతావా?"

"గేదెకా?" అంది ఆ ఇల్లాలు.

"కాదమ్మా. పిల్లకి."

ఆ ఇల్లాలు ఇంకొక్క మాట అడగలేదు. లోపలికి వెళ్ళి చేట నిండా తవుడు పోసుకొచ్చి చేతిలో పెట్టింది. "ఎన్నేళ్ళు?" అంది మెల్లిగా.

"పదమూడు."

"నిలబడిపోనాదిలే, భయపడకు. చేట మాత్రం మల్లా తెచ్చియ్యి."

పన్నెండూ నలభై అయ్యేసరికి వరండా మెట్ల దగ్గర ధనలక్ష్మి చేట చాపింది. దేముడమ్మ తవుడును కొంగులో పోయించుకుని ముడి వేసుకుంది. ఝాన్సీ చెయ్యి పట్టుకుని "నా పిల్లని నీకిచ్చినాను. బాగా సూసుకో" అంది. చెప్పేసింది గాని ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. వదిలాక మొహం అటు తిప్పుకుని, దగ్గు రాకపోయినా దగ్గింది.

ధనలక్ష్మి చదివింది ఏడో తరగతి. కలం పట్టి ఎన్నాళ్ళయిందో. సారు ఇచ్చిన తెల్లకాగితం మీద ఒక్కో అక్షరం అద్దింది. రాత వరస పైకి ఎక్కిపోయింది. "ఝాన్సీని కన్నది నేను. నా పేరు ధనలక్ష్మి. ఇంత వరకు తప్పు పేరు చెప్పినాను. నాకు భయమై చెప్పినాను." ఆఖరి వాక్యం సారు రాయమనలేదు. రాసి చుక్క పెట్టగానే తలెత్తి చూసింది. పిల్ల నెత్తిన పాత ఫ్యాను కిటకిటలాడుతూ తిరుగుతోంది. గబుక్కున లేచి ఝాన్సీని రెండడుగులు పక్కకు లాగింది.

"ముప్ఫై తొమ్మిదో సీటు" అన్నాడు సారు, జగదీశ్వరి మేడం సాక్షి సంతకం పెట్టాక చీటీ చింపి ఇస్తూ. "సోమవారం తొమ్మిదింటికి."

"భావనపాడులో నీటి దగ్గిరికి ఎల్లనీరు కదా బాబూ? తాడేమైనా కడతారా? పిల్లల్ని ఎవులు లెక్కెడతారు? సెప్పులు..."

"శనివారం తల్లుల మీటింగుంది. అన్నీ అప్పుడే అడగండి." వెనక ఉన్నావిడ అప్పటికే బల్ల మీద చెయ్యి పెట్టేసింది.

చేట ఇచ్చేసి ఆటో ఎక్కారు. దేముడమ్మ ముందు సీట్లో కూర్చుని వెంటనే కునికింది. వెనక అయిదుగురి మధ్య తల్లీ కూతురూ. దారి పొడుగునా ధనలక్ష్మి మనసులో లెక్క తెగలేదు. తవుడిచ్చి పిల్లను కొనుక్కుంది గాని వేళ మంచిదో కాదో చూడలేదు. మిట్ట మధ్యాహ్నం.

కల్వర్టు కనిపించింది. "ఆపు బాబూ" అనే మాట అలవాటుగా గొంతులోకి వచ్చేసింది. ధనలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆటో మలుపు దాటింది.

ఝాన్సీ తల తిప్పి చూసింది. మోచేత్తో పొడిచింది. ధనలక్ష్మి కదల్లేదు. జీడితోట దాటింది. ఇటుకబట్టీ దాటింది. ఇంక వచ్చేది టెక్కలే.

"అమ్మా!" అంది ఝాన్సీ కోపంగా. "దాటిపోతంది, సెప్పవేటి?"

ధనలక్ష్మి కొంగు నోట్లోంచి జారింది. "నువ్వు సెప్పు."

"ఏటని పిలవాల?"

"ఏటోకటి అను! బేగి!"

"ఓ ఆటో!" అని అరిచింది ఝాన్సీ, గొంతు చీలిపోయేలా. "ఆపండి! మేం దిగిపోవాల!"

బండి కీచుమంటూ ఆగింది. వెనకున్నవాళ్ళు నవ్వారు. దేముడమ్మ ఉలిక్కిపడి లేచి బయటికి చూసింది. "ఇదెక్కడే? ఊరేదే? ఇంతోటి నోరు అక్కడే ఇప్పొచ్చు కదేటే గుంటా, నా మోకాళ్ళు నీకు లోకువా?"

ముగ్గురూ వెనక్కి నడిచారు. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ధనలక్ష్మి పిల్ల నెత్తిన కొంగు కప్పి, లారీలు పోయే వైపు తాను నడిచింది. అమ్మా అని అంత గట్టిగా అందరి ముందూ పిలిచింది. ఎవరి చెవిన పడిందో. ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

"బేగి రా అమ్మా, కాళ్ళు కాలిపోతన్నాయి" అంది ఝాన్సీ విసుగ్గా.