పేరు కొట్టించిన తపేలా

రెండో కావిడి నింపుకుని పోలమ్మ స్టేషను బోరింగు దగ్గర్నించి బయలుదేరింది. ముందొక డబ్బా, వెనకొక డబ్బా, మధ్యలో భుజం మీద వెదురుబద్ద. ఆ భుజం మీద పద్దెనిమిదేళ్లుగా కాసిన కాయ ఉంది గనక బద్ద తన చోటు వెతుక్కోనక్కరలేదు. పొట్టి మనిషి, పొట్టి అడుగులు. కంకర మీద కాలు పెట్టదు. స్లీపరు మీంచి స్లీపరు మీదికి వేస్తూ నడుస్తుంది. డబ్బాల్లో నీళ్లు తొణకవు.

రిజిస్టరులో ఆమె ఉద్యోగం పేరు వాటర్‌మన్. చేరింది ఆడమనిషి కదా, ఆ మాట మారుద్దామని ఏ బాబుకీ తోచలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు. కిరండూల్ కొండల్లోంచి ఇనపరాయి దిగడం మొదలైన కొత్తలో ఆమె మొగుడు ఈ లైనులో గ్యాంగుమన్. పచ్చకామెర్లతో పోయాడు. అతని గునపం మోయలేవమ్మా అని ఆమె చేతికి ఈ కావిడి ఇచ్చారు. అప్పటినుంచీ ఎండలో పనిచేసే పదహారు మంది దోసిళ్లలోకి చెంబుతో నీళ్లు వంచడమే ఆమె పని. ఇవాళ్టితో అది ఆఖరు, రిటైరవుతోంది. సాయంత్రం ఖనిజం గూడ్సు ఈ స్టేషన్లో ఆగుతుంది. బ్రేకువ్యానులో చోటిస్తానని గార్డు మాటిచ్చాడు. బొబ్బిలిలో చెల్లెలుంది.

పట్టాల కింద కంకర కూరుతున్న వాళ్లు ఆమెను చూసి పనిముట్లు కింద పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి వంగి దోసిలి పట్టారు. చివర వచ్చినవాడు సుక్రాం. ఈ పక్క ఊరివాడే, రోజుకూలీ మీద గ్యాంగులో చేరాడు. తాగిన తర్వాత కూడా కదలకుండా నిలబడ్డాడు.

"రేపు పొద్దున పోతున్నం అమ్మా."

"ఎక్కడికి?"

"జగర్గుండా దిక్కు. సన్నే వాళ్ల అన్న దగ్గరికి."

"నూటిరవైకి ఇంకెన్నున్నాయిరా నీకు?"

"పదకొండు."

నూట ఇరవై రోజులు ఎడతెగకుండా పనిచేస్తే రోజుకూలీ పేరు పక్కా జాబితాలోకి ఎక్కుతుంది. మధ్యలో ఊరొదిలి పోయాడంటే మళ్లీ ఒకటి నుంచి లెక్క. అది సుక్రాంకి తెలియక కాదు. తొమ్మిది రోజుల కిందట వాగు పొంగి అతని గుడిసెను ఊడ్చుకుపోయిన మర్నాడు కూడా, తడిబట్టలతోనే పనిలోకి వచ్చాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు ప్రాణాలతో మిగిలారు. కుండలు, కోళ్లు, ఏడాది గింజలు, కట్టుకోవడానికి దాచుకున్న బట్టలు, అన్నీ పోయాయి.

"ఏటంటాది మరి నీ పెళ్లాం?"

సుక్రాం తల గోక్కున్నాడు. "ఆ షెడ్డు మన ఇల్లు కాదు అంటది. కాలనీ పిల్లలొచ్చి గిన్నెల మీద పేర్లు చదువుతరు. ఇది మా అత్తది, ఇది మా అమ్మది అని. వాళ్ల సామాన్లకు నేను కావలి ఉన్న అంటది సన్నే."

పోలమ్మ చేతిలో చెంబు వంగింది. మిగిలిన నీళ్లు కంకరలో పడిపోయాయి. పద్దెనిమిదేళ్లలో ఆమె నీళ్లు పారబోసుకున్నది అదే మొదలు.

బొబ్బిలి, విజయనగరం వైపు ఆడవాళ్లకు ఒక అలవాటుంది. గిన్నె కొన్నారంటే పేరు కొట్టించందే ఇంటికి తీసుకురారు. వాగు పొంగిన మర్నాడు గ్యాంగు మేటు సన్యాసిరావు సుక్రాం సంసారాన్ని లైను వేసే రోజులనాటి పాత రేకుల షెడ్డులో దించాడు. క్వార్టర్లలో ఆడవాళ్లు వరసకట్టి వచ్చారు. కంచం ఒకరు, గరిటె ఒకరు, బిందె ఒకరు. ఎవరూ చిల్లులు పడ్డవి ఇవ్వలేదు. మనసారానే ఇచ్చారు. కానీ ప్రతి దాని మీదా ఇచ్చినావిడ పేరు చుక్కచుక్కలుగా మెరుస్తోంది. పోలమ్మ తన పెద్ద ఇత్తడి తపేలా ఇచ్చింది. మొన్న అటుగా వెళ్లి, "చింతపండేసి తోమే, తళతళలాడతాది," అని చెప్పి కూడా వచ్చింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు ప్రాణం చచ్చిపోయింది. నా నోట్లో మన్ను పడ, అనుకుంది.

మధ్యాహ్నం క్వార్టరుకు వచ్చేసరికి మేటు పెళ్లాం నూకమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. రిటైరైనవాళ్లు గ్యాంగుకు పరమాన్నం పెట్టి వెళ్లడం అక్కడ ఆనవాయితీ. పోలమ్మ సామానంతా మూటలు కట్టేసి ఉంది. అందుకని నూకమ్మ తన గుండిగ మోసుకొచ్చింది.

"వొద్దే నూకా. నా తపేలా సన్నే దగ్గరుంది. అడిగి తెచ్చుకుంటాను."

"ఇచ్చీసింది మళ్లీ అడుగుతావేటి వొదినా? ఆ పిల్ల ఏటనుకుంటాది?"

"లాక్కోడానికి కాదే. అరువుకి."

"నీ తపేలా నువ్వే అరువడుగుతావా?" నూకమ్మ నవ్వింది.

"నాదెక్కడిదే. ఇచ్చీసేను కదా."

నూకమ్మ నవ్వు ఆగింది. చీర కొంగుతో గుండిగ అంచు తుడిచింది.

షెడ్డులో మూట కట్టేసి ఉంది. చిన్న మూట, ఒక దుప్పటిలో ఇమిడిపోయింది. గిన్నెలు మూటలో లేవు. తోమి, గోడ వారగా వరసగా బోర్లించి ఉన్నాయి, ఎవరివి వాళ్లకు అప్పజెప్పడానికి. సన్నేకు ఇరవై రెండేళ్లుంటాయేమో, చంకలో చంటిది, మోచేతి దాకా మసి. పోలమ్మను చూడగానే చంటిదాన్ని దింపి, తపేలా తీసి రెండు చేతులా చాచింది.

"తీస్కపో అమ్మా. తోమిన."

పోలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. గడప దాటలేదు.

"తీసుకెల్లిపోడానికి రాలేదే పిల్లా. అరువడగడానికొచ్చేను. గ్యాంగుకి పరమాన్నం వండాల. నీకు కుదిరితేనే ఇయ్యి. కుదరదంటే నూకమ్మని అడుగుతాను."

"నీ పేరున్నది దీని మీద."

"కొట్టించినప్పుడు నాది. ఇప్పుడు నీది. లేదంటే లేదను, నాకేటీ కోపం రాదు."

సన్నే తపేలా దించలేదు, ముందుకూ జరపలేదు. మూట వైపు చూసింది. బోర్లించిన గిన్నెల వైపు చూసింది. బయట ఒక గూడ్సు పోతోంది. నలభై పెట్టెలూ దాటేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఈ పిల్ల తపేలా గడప మీద పెట్టి లోపలికి పోయిందంటే ఇన్నాళ్లు చేసిన రోజులన్నీ పోయినట్టే, సుక్రాం ఇంకో కాంట్రాక్టరు దగ్గర రాళ్లు మోసుకుంటూ తిరగవలసిందే.

"ఎంతసేపు?" అంది సన్నే.

"పొద్దుగూకే లోపల తెచ్చిస్తాను."

"దీపం పెట్టే యాళకు కావాలె. బియ్యం ఉడకెయ్యాలె." తపేలా అందిస్తూ, "నిప్పున్నదా?" అని అడిగింది.

పోలమ్మ బొడ్లో అగ్గిపెట్టె ఉంది. "లేదే, వానకి పుల్లలన్నీ మెత్తబడిపోయినాయి," అంది. ఆఖరి రోజున ఆడిన అబద్ధం, పోనిద్దురూ.

సన్నే పొయ్యిలోంచి రెండు నిప్పుకణికలు తీసి కుండపెంకులో పెట్టింది. ముసలామె ముఖం మీద చెమట చూసి చెంబు ముంచుకొచ్చింది. పోలమ్మ ఒక క్షణం తడబడింది. తర్వాత వంగి దోసిలి పట్టింది. చల్లటి నీళ్లు మోచేతుల దాకా కారాయి. తన దోసిలిలోకి ఇంకొకరు నీళ్లు వంచి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. నీళ్లతో పాటు కళ్లు కూడా తుడుచుకుంది.

పరమాన్నం బాగా కుదిరిందని అందరూ అన్నారు, అడుగు కాస్త అంటుకున్నా. సన్యాసిరావు రెండుసార్లు పెట్టించుకున్నాడు. వడ్డన మధ్యలో నూకమ్మ కనపడకపోతే పోలమ్మ తల తిప్పి చూసింది. నూకమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి తన పేరున్న గరిటెనే అడుగుతోంది. "సన్నే, గరిటె ఒకపాలి ఇస్తావేటే? ఇప్పుడే తెచ్చిస్తాను." వెనకనే ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, చేతులు ఏం చేసుకోవాలో తెలియక. అడగడం అలవాటు లేని ఆడవాళ్లు అడగడం నేర్చుకుంటుంటే చూడ్డానికి సరదాగా ఉంది. పోలమ్మ ముఖం తిప్పుకుని నవ్వుకుంది.

పొద్దు వాలేవేళ తపేలా తోమి, అడుగున పిల్లలకని పరమాన్నం పోసి తీసుకెళ్లింది. తెచ్చుకున్న గిన్నె వట్టిది తిరిగివ్వకూడదు కదా. మూట విప్పేసి ఉంది. దుప్పటి రెండు వాసాలకు ఉయ్యాలై వేలాడుతోంది. సన్నే పరమాన్నం పిల్లల ఆకుల్లోకి వంచి, తపేలా వెలుగు వైపు తిప్పి పట్టింది. లోపల వేలితో రాసి చూసింది.

"ఇక్కడ మాడ్చినవ్," అంది గట్టిగానే.

"మాడిందే. పెద్ద మంట పెట్టీసేను."

"గీకాలె ఇప్పుడు నేను."

"గీకుకో మరి. నీ తపేలా, నీ తిప్పలు."

పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఎవరు తిట్టినా పోలమ్మకు ఇంత సంతోషం కలగలేదు. సన్నే భుజాన్ని ఒకసారి తట్టి గడప దిగింది. బయట సుక్రాం ఆమె మూటలు ఎత్తుకుని ఎదురుచూస్తున్నాడు.

"రేపు డ్యూటీ ఉంది అమ్మా," అన్నాడు, తలొంచుకుని. "కావిడి కూడా నన్నే మొయ్యమన్నడు మేటు, కొత్త మనిషి వచ్చేదాంక."

"స్లీపరు మీదే అడుగెయ్యి. కంకరలో దిగేవంటే తొణికిపోతాది."

గూడ్సు ఎక్కువసేపు ఆగలేదు. గార్డు చెయ్యి అందించి ఆమెను బ్రేకువ్యానులోకి లాగాడు. నూకమ్మ ఏడ్చింది, సన్యాసిరావు దగ్గాడు. ఆకుపచ్చ దీపం ఊగింది, బండి కదిలింది. చెయ్యి ఊపడానికి సన్నే రాలేదు. రేకుల షెడ్డు మీంచి పొగ లేస్తోంది. పొయ్యి మీద ఇత్తడి తపేలాలో ఎసరు కాగుతోంది, చుక్కచుక్కలుగా కొట్టించిన పోలమ్మ పేరు మీదికి మెల్లగా మసి ఎక్కుతోంది.