ముందు నా కాయ

శివనాగరాజు నా చిన్నాన్న కొడుకు. వాడి మీద కోపం చచ్చేదాకా పోదు నాకు.

పోయినేడు ఇద్దరం పక్కపక్క కల్లాల్లోనే మిరపకాయ ఆరబోశాం. నాది ఆరి గలగలలాడుతోంది. తెల్లారితే గోతాలకెత్తి గుంటూరు యార్డుకి తోలటమే. మధ్యాహ్నం కనిగిరి వైపు నల్లగా మూసుకొచ్చింది. వాడు పరిగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, నా టార్పాలిన్ పట్టలు ఎలుకలు కొట్టేసినయ్. నీ ఆరింట్లో నాలుగియ్యి."

ఇచ్చాను. అడిగినోడికి లేదనటం మా నాన్న నేర్పలేదు. బడిలో నేర్చుకునేంత చదవలేదు.

నా భార్య మల్లేశ్వరి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "మన కాయకేం కప్పుతావయ్యా, నీ పంచా?"

"మబ్బు దాటిపోద్దిలేవే," అన్నాను.

దాటలేదు. అరగంట దంచింది. మిగిలిన రెండు పట్టలూ ఏ మూలకీ చాలలా. కాయంతా తెల్లబారి తాలైపోయింది. యార్డులో కొనేవాడు గుప్పెడు తీసి చూసి, మళ్ళీ గోతంలో పడేశాడు. పురుగుమందుల కొట్టు బాకీ తీర్చటానికి రోడ్డు పక్క ముక్క అమ్మాను.

పట్టలు తెచ్చుకోటానికి వెళ్తే శివనాగరాజు అన్నాడు: "నీ మెడ మీద కత్తి పెట్టానా అన్నయ్యా? నువ్వే ఇస్తివి."

ఆ మాటకి జవాబు ఏడాది వెతికాను. దొరకలా.

ఈ యేడు నాకు మిగిలింది ఎకరన్నర. ఈ కాయా తడిస్తే అదీ పోద్ది. మొన్న మళ్ళీ మబ్బేసింది. మళ్ళీ వాడే వచ్చాడు.

"ఏరా, పట్టలు కొనలా?"

"నువ్వున్నావుగా అన్నయ్యా!"

'తీసుకెళ్ళు' అనే మాట నోటిదాకా వచ్చింది. మింగాను.

"ముందు నా కాయ కప్పుకుంటాను. మిగిలితే ఇస్తా."

"ఈలోపు వాన పడితే?"

"పడితే పడుద్ది."

"పెద్దోడివి. ఇంత రాయివనుకోలేదు," అన్నాడు. నేను తలెత్తలేదు. పట్టల అంచుల మీద రాళ్ళు పెట్టుకుంటూ పోయాను. మల్లేశ్వరి రెండో పక్క పట్టుకుని లాగింది. అయిదు సరిపోయినయ్. ఆరోది చుట్టి వాడి కల్లంలో పెట్టొచ్చాను. వాన పడనే పడింది. వాడి కాయ సగం తడిసింది. నా కాయ నిలిచింది.

అప్పట్నించీ శివనాగరాజు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు. తిప్పుకోనీ. 'ముందు నా కాయ' అన్న మాట పోయినేడే అని ఉంటే ఆ రోడ్డు పక్క చేను ఇవాళ ఇంకొకడు దున్నేవాడు కాదు.

యాభై రెండు సెంట్లు.